లౌడ్ స్పీకర్ కింద చుక్క

2021 నవంబర్ 9, అల్ ఐన్

మోకాలి కట్టు విప్పారు. నడవచ్చట. పరుగెత్తకూడదట. పరుగు లేకుండా గొర్రెల దగ్గర ఏం పని, నా మొహం!

చుక్క వచ్చి కాలంతా వాసన చూసింది. మా యజమాని కఫీల్ దాన్ని విలాయత్ నుంచి కుక్కకూనగా తెప్పించినప్పుడు ఏదో ఇంగ్లీషు పేరు ఉండేది, ఇక్కడ ఎవరికీ నోరు తిరగలేదు. నుదుటి మీద తెల్లమచ్చ చూసి చుక్క అన్నాను. నా నోటికొచ్చేది తెలుగు, అదీ తెలుగే నేర్చుకుంది. "ఆగు బిడ్డా" అంటే చాలు, పొట్ట నేలకానించి పడుకుంటుంది. కళ్లు మాత్రం గొర్రెల మీదే.

నవంబర్ 20

చుక్కను సాయిలుకు అప్పజెప్పారు. మా పక్క ఊరివాడు. మంచివాడు కూడా, తిట్టుకోవడానికీ వీల్లేదు.

"నీ లెక్కనే పిలుస్తున్ననే అన్నా. పని చేస్తది గని, మల్ల నీ దిక్కే సూస్తది."

దానికి కనబడకుండా గోడ వెనక కూర్చోమన్నారు. కూర్చున్నాను.

2022 జనవరి 14

టీవీ వాళ్లు వచ్చారు. గొర్రెల కుక్కల పోటీలు చూపిస్తారట. కుక్క ఏం చేస్తోందో ఉర్దూలో చెప్పేవాడు కావాలట. కఫీల్ నా భుజం తట్టి నన్ను ముందుకు తోశాడు. "ఇతనే. యల్లా!"

మార్చి 3, అల్ వర్సాన్

టీవీ వాళ్ల ఏసీ గది. తెర మీద బొమ్మ, ముందు మైకు. మొదట చెమటలు... తర్వాత ఆపమన్నా ఆపలేదు.

ఇంటిది వీడియో చూసిందట. "సారు లెక్క మాట్లాడినవ్ పో!" మురిసిపోయింది. నేనూ నవ్వాను. గొర్రె వాసన పోయింది నా చొక్కాలకు. అది మాత్రం చెప్పలేదు.

2023 డిసెంబర్ 7, అల్ ఐన్

ఈసారి మైదానం నుంచే లైవ్. నా మాట టీవీలోనే కాదు, చుట్టూ స్తంభాలకు కట్టిన లౌడ్ స్పీకర్లలో కూడా వస్తుందట. రేపు ఫైనల్. సాయిలు, చుక్క.

రెండేళ్లయింది దాన్ని చూసి. గుర్తుందో లేదో.

డిసెంబర్ 8

గుర్తుంది.

డిసెంబర్ 9

నిన్న చెయ్యి రాలేదు. ఇవాళ రాస్తున్నాను.

చుక్క చక్కగా తోలుకొచ్చింది. నా ఉర్దూ దానికి పట్టలేదు, ఒకట్రెండు సార్లు చెవి కదిలించిందంతే. దొడ్డి వాకిట్లో ఒక గొర్రె బెదిరింది. చుక్క ఇంకో అడుగు వేస్తే మంద చెదిరిపోతుంది. సాయిలు చూడలేదు, నేను చూశాను. ఉర్దూ మధ్యలో నోరు జారింది – "ఆగు బిడ్డా, ఆగు."

మైదానమంతా మోగింది.

ఆగింది. పడుకుంది. తర్వాత లేచింది... సాయిలు ఈల వేస్తున్నాడు, అరుస్తున్నాడు. గొర్రెలను వదిలేసి స్తంభం దగ్గరికి పరుగు. చుట్టూ తిరిగింది, దాని మొదలు వాసన చూసింది, తలెత్తి లౌడ్ స్పీకర్‌ను చూసి మొరిగింది. జనం నవ్వారు. పక్కనున్న టీవీ ఆయన "బోలో, బోలో భాయ్!" అంటున్నాడు. మాట్లాడితే అది అక్కడినుంచి కదలదు. నోరు మూసుకున్నాను. మంద ఎప్పుడో చెదిరిపోయింది.

డిసెంబర్ 11

కఫీల్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నీ గొంతు ఉన్నచోట అది పని చేయదు. ఖలాస్." దూరాన లివాలో ఉన్న తన తమ్ముడి తోటకు దాన్ని పంపిస్తాడట, సాయిలుతో పాటు.

టీవీ మానేస్తాను, మందకే వస్తాను అన్నాను. నా మోకాలు చూపించాడు.

డిసెంబర్ 13

చుక్కను పికప్ ఎక్కించారు.

"నువ్వు ఒక్క మాటన్నా ఎక్కదే అన్నా, నోరు మెదపకు" అన్నాడు సాయిలు.

మెదపలేదు. నేను ఏమంటానా అని అది నా నోటివంకే చూస్తూ ఎక్కింది. ఏడుపు కూడా మింగాల్సి వచ్చింది, అదీ గొంతే కదా. బండి గేటు దాటాక గానీ పేరు పెట్టి పిలవలేదు. ఎవరు వింటారిక.

2024 ఫిబ్రవరి 2, అల్ వర్సాన్

ప్రోగ్రాం బాగా నడుస్తోందట. అందరూ మెచ్చుకుంటున్నారు.

ఫిబ్రవరి 16

సాయిలు ఫోన్. "మా రూంల టీవీ వెడ్తమా, నీ గొంతు రాంగనే యాడున్నా ఉరికొస్తదే. గడప మీద పంటది. ప్రోగ్రాం అయినంక టీవీ ఎనకకు వొయ్యి ఎతుకుతది. ఇగ ఆ దినం బువ్వ ముట్టది."

ఫిబ్రవరి 22

రేపు మళ్లీ లైవ్.

సాయంత్రం సాయిలు ఫోన్ చేశాడు. "రేపు టీవీ వెట్టాల్నా, వద్దానే? నువ్వే చెప్పు. పెడ్తే ఎతుకుతది. పెట్టకుంటే నీ ప్రోగ్రాం యాళ్లయిందని గడప ఇడుస్తలేదు."

వద్దని చెబుదామనుకున్నాను. నోరు తెరిచేసరికి అవతల సన్నగా కుయ్యిమన్న చప్పుడు. ఫోన్ దాని పక్కనే ఉంది. నేను వద్దన్నా, పెట్టమన్నా, అది వినేది నా గొంతే.

"అన్నా... ఉన్నవా? మాట్లాడవేందే?"

ఫోన్ పెట్టేశాను. పొద్దున్నే నన్ను మైదానానికి తీసుకెళ్లే బండి వస్తుంది.