చాలు అని చెప్పే చోటు

2006 ఏప్రిల్ 13, గురువారం. దుమ్ముగూడెం.

ఆదివారం కొత్త పండుగ, తొలి కాయ దేవరకు పెట్టే రోజు. అంతకుముందు మా గూడెంలో ఎవరూ కొత్త మామిడికాయ నోట పెట్టరు. మొన్న నా కూతురు సరిత పెట్టింది. ఒకటి కాదు, బుట్టెడు. "టీచరమ్మవు, బిడ్డను గిట్లనేనా పెంచేది?" అన్నాడు ఊరి పటేల్. సిగ్గుతో అందరి ముందూ దాన్ని కొట్టాను. పదేళ్ళ పిల్ల. చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు.

ఈరోజు ఖమ్మం తీసుకెళ్ళాను. నిరుడు మెదడులో గడ్డ తీయించినప్పటి నుంచీ ఇలాగే తింటోందని, లావెక్కుతోందని డాక్టరమ్మకు చెప్పాను.

"కడుపు నిండిందని చెప్పే చోటు మెదడులోనే ఉంటదమ్మా. గడ్డతోటి అది పాడైంది. ఎంత తిన్నా పాపకు ఆకలే. ఆమె తప్పు కాదు," అంది. మందు అడిగితే లేదంది. తిండి అందకుండా దాచడం మాత్రం మానొద్దంది.

ఏడాదిగా దాన్ని దొంగే అనుకుని వంటింటికి తాళం వేస్తున్నాను. ఇవాళ రాత్రి చేతులాడలేదు. వేయకుండానే వచ్చి మంచం మీద కూర్చున్నాను. కాసేపటికి సరితే తాళంకప్ప తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అమ్మా, ఎయ్యవా? నేను మల్ల తింట."

వేసి వచ్చాను. సరిత ఇంకా మేలుకునే ఉంది.