అమ్మకు చేసింది వేడి కాదు

చెల్లెలు దీనమ్మకు, కోసిగి ఏసన్న భార్య సువార్తమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లది, కోడలు మహిమ తోడుగా కర్నూలు ఆసుపత్రిలో ఉండి చెప్పి రాయించేది.

నేను బాగున్నాను. గడ్డకు కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, సగం అయింది. గర్భసంచి క్యాన్సర్ మీద పరిశోధన చేసే డాక్టరమ్మ శిల్ప నిన్న నా మంచం మీదే కూర్చుని, "మీ అమ్మ ఎట్ల పోయిందవ్వా?" అని అడిగింది.

"వేడి చేసి పోయింది తల్లీ."

"ముట్లు ఆగినాక కూడా రక్తం పడేదా?"

వేరుశనగ బుడ్డల చేలో కలుపు తీస్తా అమ్మ మనకు కీర్తనలు నేర్పేది, గుర్తుందా? నడుమ నడుమ లేచి కంపచెట్ల చాటుకు పోయేది. మనం సబ్జా నీళ్లు తెస్తే తాగి, "సల్లగుండాది బిడ్డా" అని తల నిమిరేది. ఆ తడి చెయ్యి ఇంకా నా నెత్తిమీదే ఉన్నట్టుంది.

మొన్న ఈస్టరుకు వస్తే నీ ఇంట్లోనూ సబ్జా గింజలు నానుతున్నాయి. "వేడక్కా" అన్నావు. నీకూ రక్తం పడుతుందా అని ఫోన్లో అడిగితే కొడుకు పక్కనున్నాడని మాట మారుస్తావు. అందుకే కార్డు. పోస్టాయన చదివితే చదవనీ.

ఒక తల్లి బిడ్డలకు ఇది రావచ్చంట. ముందే చూస్తే నయమవుతుందంట. గొర్రెలను నీ కొడుకు జయపాల్‌కు అప్పజెప్పి సోమవారం మైదుకూరులో బస్సెక్కు. కొర్రబియ్యం తే. ప్రభువు నీకు తోడుండాల. నువ్వు రాకుంటే నేనే మంచం దిగి వస్తా.

సువార్తమ్మ వేలిముద్ర.
సాక్షులు: కోడలు మహిమ, పక్క మంచం కృష్ణవేణమ్మ, ఆమె కూడా ఏడాది సబ్జా నీళ్లే తాగింది.