మన లోయలో లేదని రాశాను

రెతెజాత్ అడవి,
బుధవారం

సవేతా అక్కా,

కాలి బెణుకు తగ్గింది, కంగారు పడకు. నిన్నటిదాకా పదకొండు రోజులు ఇక్కడ మనిషి గొంతు వినలేదు. నిన్న వానలో ఒక ముసలి మేపుల్ చెట్టు మీద నేను వెతుకుతున్న పాచి కనిపించింది. ఊపిరితిత్తిలా ముడతలు పడి, అరచేయంత, పచ్చగా ఉంది. పొగ తగిలినా, ముసలి చెట్లు కొట్టేసినా బతకదు. అందుకే మైదానాల్లో మిగల్లేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేక ఆ చెట్టుకే చెప్పాను. సాయంత్రం గొర్రెలు తోలుకొచ్చిన పరస్కీవ అవ్వకి చూపిస్తే నవ్వింది. "ఈ పాచి కోసమా తల్లీ ఇన్ని కొండలెక్కావు? దగ్గొస్తే కాచుకు తాగేదే కదే. మీ అమ్మ కాచి పోయలేదా నీకు?"

పోసింది. మన దొడ్డి వెనక మేపుల్ చెట్టు మీద పాచే కోసుకొచ్చి కాచేది. అక్కా, ఈ పాచి ఎక్కడెక్కడ మిగిలిందో పోయినేడు మా ఆఫీసు వేసిన జాబితాలో మన లోయకి ఎదురుగా "ఇక లేదు" అని రాసింది నేనే. చూసి రాయలేదు. అమ్మ పోయాక అటు రావడానికి కాళ్లు రాలేదు.

ఉన్ని మేజోళ్లు పంపు. ఆవు ఈనిందా? బావకి నమస్కారాలు, పాపకి ముద్దులు.

చోటు లేక అంచున రాస్తున్నాను. వాన వెలిశాక దొడ్డి వెనక ఆ మేపుల్ చెట్టు చూడు. పాచి ఉంటే రాయి, జాబితా దిద్దడానికి ఇంటికి వస్తాను. లేకపోయినా ఉందనే రాయి.

నీ చెల్లెలు
వెరోనా