గాడిలో పట్టిన నాణెం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

నాణేల దుకాణంలో భూతద్దం పట్టుకుని కూర్చునే నీకు ఇవాళ పంట పండింది! ఈ కవర్లో ఉన్నది టంకశాల వాళ్ళు తప్పుగా అచ్చుకొట్టిన నాణెం. బొమ్మకి ముక్కే లేదు చూడు. వెనకగదిలో నా నాణేల డబ్బాలు తీసేసి కుట్టుమిషన్ పెట్టుకుంటానని మీ అత్తయ్య పంతం పట్టింది. డబ్బాల్లో అసలైన తప్పు నాణెం ఒక్కటైనా తేలితే గది నాది, లేకపోతే తనది. నేను నెగ్గినట్టే.

ఇట్లు,
నీ మామయ్య

తా.క. ఆ డబ్బాలు మోస్తే నా నడుం పడిపోతుంది. కాస్త ఆలోచించి జవాబు రాయి.

*

మామయ్యకు నమస్కారాలు.

ఆ ముక్కు టంకశాలలో పోలేదు. ఎవరో సుత్తితో కొట్టారు, వెనకవైపు కూడా చదునైపోయింది. అచ్చు పడేటప్పుడు జరిగితేనే తప్పు నాణెం. బయటికొచ్చాక జరిగితే ఉత్త దెబ్బతిన్న నాణెం. ఉదాహరణకి, అచ్చు పగిలితే ఆ పగుల్లోకి లోహం పోయి, నాణెం మీద గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. గీత లోపలికి దిగిందంటే ఎవరో గీకినట్టే.

మీ అల్లుడు

తా.క. అత్తయ్యని మిషన్ కొలతలు తీసి ఉంచుకోమనండి.

*

చిరంజీవి అల్లుడికి,

ఉబ్బు ఉండాలని ముందే చెప్పొచ్చుగా! డబ్బాలన్నీ బోర్లించాను. ఇదిగో, బఠాణీ గింజంత ఉబ్బు! ఇక నోరెత్తకు. గదికి కొత్త తాళం కూడా కొనేశాను.

గెలిచిన మామయ్య

తా.క. ఇందులో ఇంకో నాణెం ఉంది, అది వేరే కేసు. మీ అత్తయ్య నా నాణెంతో మిషన్ స్క్రూలు బిగిస్తోంది! అంచు ఎలా పాడుచేసిందో సాక్ష్యంగా పంపుతున్నా. ఆవిడకి నాలుగు చీవాట్లు రాయి.

*

మామయ్యకు,

ఆ ఉబ్బు బబుల్‌గమ్. గోటితో గీకితే ఊడొచ్చింది.

సాక్ష్యం సంగతి వేరు. అంచు మీద నొక్కులు స్క్రూవే. కానీ తూస్తే బరువు చాలా తక్కువ! ఆకురాయితో అరగదీసిన గీతల్లేవు, ఆమ్లంలో వేసిన గుర్తుల్లేవు. మా యజమానికీ చూపించాను. పలచటి బిళ్ళ మీద పొరపాటున అచ్చు పడింది. అసలు సిసలు తప్పు నాణెం మామయ్యా!

మీ అల్లుడు

తా.క. అన్ని నాణేల్లో అత్తయ్యకి ఇదే ఎలా దొరికింది?

*

చిరంజీవి అల్లుడికి,

నేను చెప్పానా! మిగతావేవీ స్క్రూ గాడిలో పట్టలేదట, ఇదొక్కటే పట్టిందట. అంటే పలచనని మిషనే కనిపెట్టింది. అంచేత ఇకమీదట ప్రతి నాణేన్నీ ముందు ఆ గాడిలో పెట్టి చూడాలని నేనే నిర్ణయించాను. మిషన్ వెనకగదిలోకి వచ్చేసింది. నేనూ డబ్బాలూ ప్రస్తుతానికి వరండాలో ఉన్నాం. నడుం పట్టేసింది గానీ చాలా గర్వంగా ఉంది.

విజేత మామయ్య

తా.క. ఇది అత్తయ్యని రాస్తున్నా. నేను దొంగని కాదు నాన్నా. నా పర్సులో చిల్లరేదీ గాడిలో పట్టక స్క్రూడ్రైవర్ కొనమంటే, "ఇదెందుకూ పనికిరాదు, దీంతో తిప్పుకో" అని ఆ నాణెం మీ మామయ్యే నా చేతిలో పెట్టారు. నాకిచ్చేశాక అది డబ్బాల్లోది ఎలా అవుతుంది? పందెం నేనే నెగ్గాను. నాణెం అమ్మెయ్. ముందు నాకో మంచి స్క్రూడ్రైవర్ పంపు.