చదును దేశంలో గుట్ట

అరోరా, 1984 నవంబర్ 12, రాత్రి

బేస్‌మెంట్‌లో నేను కడుతున్న బొమ్మరైళ్ల హాలండ్‌కు ఈరోజు ఒక గుట్ట మంజూరు చేయడమైనది. దరఖాస్తుదారు నా భార్య లలిత. పాత వారపత్రికలను మైదా జిగురుతో అంటించి, సొరంగంతో సహా ఆ గుట్టను చేసి తెచ్చినప్పుడు, హాలండ్ చదునైన దేశమన్న కారణంతో తిరస్కరించాను.

“రైలు కనబడకుండా పోయి మళ్లీ వస్తేనే కదండీ సరదా. ఆ హాలండ్ వాళ్లేమైనా ఇన్‌స్పెక్షన్‌కి వస్తారా?” అంది.

ఆమె చనిపోయి ఏడు నెలలు. ఈ సాయంత్రం వాషింగ్ మెషీన్ వెనక ఆ గుట్ట కనబడింది. దుమ్ము తుడిచి, కాలువ పక్కన పట్టాల మీద నిలబెట్టి, రైలు నడిపాను. సొరంగంలోకి వెళ్లింది. మళ్లీ వచ్చింది. సరదాగానే ఉంది.

ఆమోదం సంగతి దరఖాస్తుదారుకు ఎలా తెలియజేయాలో మాత్రం నిబంధనల్లో లేదు.