స్పెయిన్ జంట మళ్ళీ కలిశారక్కా

మార్తక్కా, వందనాలు.

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి నిన్నటి మట్టల ఆదివారానికి ఏడాది నిండింది. జువ్వలదిన్నెలో అందరం బాగున్నాం. నీ ఫోను నా దగ్గరే ఉంది.

అందులో నీ స్పెయిన్ జంట పాటలు అలాగే ఉన్నాయి. రొయ్యలు ఒలుస్తూ వినేదానివి కదా, ఆ ఆడమనిషి, మగమనిషి... లోకపు పాటలని నేను మండిపడితే, "అర్థంకాని పాటలో పాపం యాడుందబ్బయా?" అన్నావు. దానికి జవాబు దేవుని వాక్యంలో ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

"వాళ్ళిద్దురూ ఎందుకు విడిపోయినారో, మళ్ళీ కలిసినారో లేదో కనుక్కోబ్బయా" అని ఆసుపత్రిలో కూడా అడిగావు. కనుక్కున్నాను. వీడియోల కింద తెలుగు అక్షరాలు పెట్టుకుని చూస్తున్నాను.

పెళ్ళిళ్ళలో పాడుతూ మొదలుపెట్టారట. మొదటి రికార్డు ఎవరూ కొనలేదు. తర్వాత సముద్రం మీద పాడిన పాటతో ఊరూరా పేరొచ్చింది. పేరొచ్చాక ఆయన వెళ్ళిపోయాడు. ఎందుకు...? అడిగిన ప్రతివాడికీ ఒక్కో కారణం చెప్పాడు. ఒకడు పడితే రెండోవాడు లేవనెత్తుతాడంటుంది వాక్యం. లేవనెత్తాల్సినవాడే వెళ్ళిపోతే?

ఆమె ఒంటరిగా ఆ పాటలు ఎలా పాడింది? నాకు కావలసింది అది. మన ప్రార్థన కూటాల్లో నేను పల్లవి ఎత్తుకుంటే, నువ్వు పై స్థాయిలో అందుకునేదానివి. నువ్వు పోయాక ఒకసారి రెండు వంతులూ నేనే పాడబోయాను. ఊపిరందక దగ్గొచ్చింది. వలలు బాగుచేసుకునేవాళ్ళు నవ్వారు. అప్పటినుంచి ప్రసంగమే, పాట లేదు. వచ్చే ఆదివారం ఈస్టరు. తెల్లవారుజాము కూటానికి నీ చోట నెల్లూరు నుంచి కీబోర్డు పార్టీని పిలుస్తామన్నారు సంఘపెద్దలు.

ఆమె ఏం చేసిందో తెలుసా? ఆయన వంతు వచ్చేసరికి మైకు దించేసింది. వాయిద్యాలు మోగుతూనే ఉన్నాయి... హాలంతా లేచి ఆయన వంతు పాడింది.

తలలు నెరిశాక మళ్ళీ కలిశారక్కా, ఇద్దరూ. మొదటి పాటలోనే ఆయన తన వంతు మరచిపోయాడు. ఇన్నేళ్ళూ పాడిన జనమే అందించారు. నువ్వు చూసి ఉంటే పగలబడి నవ్వేదానివి.

కీబోర్డు వద్దని చెప్పేశాను. హార్బరు గట్టు మీద నేనే పల్లవి ఎత్తుకుంటాను. నీ వంతు దగ్గర ఆగుతాను.

జనం అందుకోకపోతే...? వీళ్ళు ఊరుకుంటే రాళ్ళు కేకలు వేస్తాయని ప్రభువే అన్నాడు. గట్టు నిండా రాళ్ళే కదక్కా.

నీ తమ్ముడు,
ఏసోబు