ఎర్ర రుమాలు

ఏప్రిల్ 24, 2010. శనివారం.

పొద్దున పక్క పొలం బిల్‌తో అడవి టర్కీ కోళ్ల వేటకు వెళ్లాను. చెరో చెట్టు కింద కూర్చున్నాం. చెమట తుడుచుకుందామని నా భార్య లక్ష్మి నా జేబులో పెట్టిన ఎర్ర రుమాలు తీశాను. తలెత్తితే బిల్ తుపాకీ నా వైపే ఉంది.

"రెడ్ వద్దని చెప్పానా లేదా? టర్కీ పుంజు ఎర్ర తల అనుకుని ట్రిగ్గర్ మీద వేలు పెట్టేశాను!" అని అరిచాడు. గంట తర్వాత నిజం పుంజునే కొట్టి, సగం నాకిచ్చాడు.

రాత్రి పులుసులో లక్ష్మికి పంటి కింద సీసం గుండు తగిలింది.

"మిరియం అనుకున్నానండీ. అంత పక్షీ దీనికే చచ్చిందా?"

"మెడకు తగిలితే చాలు," అన్నాను. తర్వాత కంచం పక్కకు జరిపాను.

రుమాలు సంగతి చెప్పలేదు. వచ్చే శనివారం వేటకు ఉంటుందని లక్ష్మి దాన్ని ఉతికి ఆరేసింది.